తీగలోని లెక్క

వరంగల్లు సీమ చెఱువులకు పుట్టినిల్లు. పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు 13వ శతాబ్దిలో కాకతీయుల యేలుబడిలో వెలసినవి. చెఱువులో నీటిమట్టము ఎంత ఎత్తున నున్నచో తూమునుండి నీరు అంత వడిగా వెలువడును. తూము ఇఱుకైనచో పాఱు నీరు తగ్గును. విద్యుత్తు నడకయు ఇట్టిదే.

నీటిమట్టము వంటిది వోల్టేజి. దానిని వోల్టులలో కొలుతురు. పాఱు నీటి వంటిది విద్యుత్ప్రవాహము. దాని కొలత ఆంపియరు. తూము ఇఱుకుతనము వంటిది తీగయొక్క నిరోధము. దాని కొలత ఓము. ఈ మూడింటికి గల సంబంధమును జర్మనీ దేశమున ఉపాధ్యాయుడుగా నుండిన జార్జి సైమన్ ఓమ్ 1827లో ప్రకటించెను. వోల్టేజిని ప్రవాహముచే భాగించినచో నిరోధము వచ్చును. వోల్టేజిని ప్రవాహముచే గుణించినచో సామర్థ్యము వచ్చును. దాని కొలత వాట్టు.

ఒక ఉదాహరణము చూడుడు. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ఒక ఇస్త్రీపెట్టె 5 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనుచున్నదనుకొందము. 230ని 5చే భాగింపగా దాని నిరోధము 46 ఓములు. 230ని 5చే గుణింపగా సామర్థ్యము 1150 వాట్లు. వేయి వాట్లు ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్టు. కావున ఆ పెట్టె రెండు గంటలలో 2.3 యూనిట్లు వాడుకొనును.

ఇక పొలమునకు పోవుదము. చెఱువునీరందని చేలకు బావులే ఆధారము. స్తంభమునుండి బావివఱకు లాగిన తీగలకు మొత్తము 2 ఓముల నిరోధమున్నదనుకొందము. మోటారు 5 ఆంపియర్లు తీసికొన్నచో తీగలలోనే 10 వోల్టులు తఱిగిపోవును. 50 వాట్లు వేడిమిగా వృథాయగును. అదే ప్రవాహము 10 ఆంపియర్లైనచో 20 వోల్టులు తఱుగును; వృథా 200 వాట్లగును. ప్రవాహము రెట్టింపైనచో వేడిమి నాలుగురెట్లు! సన్నని తీగ వాడిన రైతు మోటారు బలహీనముగా తిరుగుటకు కారణమిదియే. లావైన తీగకు నిరోధము తక్కువ.

ఇందువలననే దూరమునకు విద్యుత్తును పంపువారు వోల్టేజిని మిక్కిలి పెంచుదురు. భూపాలపల్లి చెంతనున్న చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము సామర్థ్యము 1100 మెగావాట్లు. ఇట్టి కేంద్రముల విద్యుత్తు లక్షల వోల్టుల తీగలపై పయనించును. వోల్టేజిని పదిరెట్లు చేసినచో అదే సామర్థ్యమునకు ప్రవాహము పదవవంతు చాలును. తీగలోని వృథా నూఱవవంతునకు దిగును.

బాలలారా! ఈ లెక్క పరీక్షకు మాత్రమే గాదు, ప్రాణమునకు సంబంధించినది. పొడి చర్మమునకు నిరోధము హెచ్చు. తడిసిన చర్మమునకు చాల తక్కువ. తడిచేతితో స్టార్టరును తాకిన రైతు శరీర నిరోధము 1000 ఓములనుకొన్నచో, 230 వోల్టులకు 0.23 ఆంపియర్లు ప్రవహించును. 60 వాట్ల దీపము తీసికొను ప్రవాహము 0.26 ఆంపియర్లు. అనగా ఒక చిన్నదీపమునకు చాలని ప్రవాహమే మనిషి గుండెను ఆపగలదు. తెగిపడిన తీగ దరికి పోకుడు. తడిచేతులతో మీటను తాకకుడు. ఇంటికి పోయి పెద్దలకు ఈ లెక్క చేసి చూపుడు.