కథా ఆగకూడదు, క్యూ ఆగకూడదు

నేను చదువుకునే రోజుల్లో ఒక కాలేజీ ఎగ్జిబిషన్‌లో మా బ్యాచ్ వాళ్ళం ‘భూత్ బంగ్లా’ పెట్టాం. ఖాళీ క్లాసురూముకి నల్ల పరదాలు కట్టి, సీలింగు ఫ్యానుకి అస్థిపంజరం బొమ్మ వేలాడదీసి, టేపురికార్డరులో నక్క ఊళలు పెట్టి, రెండు రాత్రులు నిద్ర మానుకుని తయారుచేశాం. దానికొక కథ కూడా అల్లాం. జమీందారు గారి చిన్నమ్మాయి పెళ్ళినాడు బావిలో పడి చనిపోయింది. ముహూర్తం వేళకి పెళ్ళికూతురి ముస్తాబుతో మళ్ళీ పైకి వస్తుంది. ఎనిమిది మందిని లోపలికి పంపడం, కథ చెప్పడం, భయపెట్టడం, బయటికి పంపడం, ఇదీ పద్ధతి. ఒక్కో ఆటకి అయిదు నిమిషాలు.

మొదటి గంట బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత చూస్తే క్యూ వరండా దాటి మెట్లమీదికి పాకింది. టిక్కెట్లు అయిదువందల పైచిలుకు అమ్మేశారు. “త్వరగా కానివ్వండ్రా!” అని కేకలు. అంచేత ముందు జమీందారుని కోసేశాం, తర్వాత పెళ్ళిని కోసేశాం. ఆఖరికి పాపం దెయ్యానికి బావిలోంచి లేచే తీరిక కూడా లేకపోయింది. ఎనిమిది మందికి బదులు పదిహేను మందిని తోశాం. ఆ చీకట్లో ఫస్టియరు కుర్రాడొకడు బెంచీ మూలకి కొట్టుకుని కనుబొమ చీల్చుకున్నాడు. రెండు కుట్లు పడ్డాయి. బంగ్లా మూసేశాం.

ఆ రోజు తప్పెవరిదని చాలాసేపు తగువులాడుకున్నాం. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే తప్పంతా లెక్కలో ఉందనిపిస్తోంది. వినోదోద్యానాలు, అంటే ఎమ్యూజ్‌మెంట్ పార్కులు నడిపేవాళ్ళు రోజూ తలపడేది సరిగ్గా ఈ సమస్యతోనే. కథ బాగా చెబితే క్యూ పెరుగుతుంది, క్యూ తరిగేలా నడిపితే కథ చచ్చిపోతుంది. రెంటినీ బతికించడం ఎట్లా?

ముందు లెక్క చూద్దాం

అయిదు నిమిషాలకి ఎనిమిది మంది అంటే గంటకి 12 ఆటలు, 96 మంది. మూడు గంటలకి 288. మరి అయిదువందల పైచిలుకు టిక్కెట్లు ఎట్లా అమ్మాం? అది మా తెలివి!

కిటుకు ఎక్కడుందంటే, గంటకి ఎందరు వెళ్తారన్నది కథ నిడివిమీద ఆధారపడదు. ఒక బ్యాచ్‌కీ తర్వాతి బ్యాచ్‌కీ మధ్య ఎడమ ఎంత అన్నదానిమీదే ఆధారపడుతుంది. మేము ఆ గదిని పరదాతో రెండు చేసి, మొదటి సగంలో జమీందారు కథ, రెండో సగంలో బావి పెట్టి ఉంటే, మొదటి బ్యాచ్ బావి దగ్గరికి వెళ్ళగానే రెండో బ్యాచ్‌ని లోపలికి తీసుకోవచ్చు. ప్రతి ప్రేక్షకుడికీ కథ అయిదు నిమిషాలే, ఒక్క మాట తగ్గదు. ఎడం మాత్రం రెండున్నర నిమిషాలవుతుంది. గంటకి 192 మంది, మూడు గంటలకి 576! ఇడ్లీపాత్రలో ఒక వాయి దిగేదాకా తర్వాతి వాయికి ఏమీ సిద్ధం చేసుకోకుండా కూర్చునే ఇల్లాలు ఉంటుందా? ఆ పాటి జ్ఞానం మాకు లేకపోయింది.

పెద్ద రైడ్లలోనూ ఇదే లెక్క. 24 సీట్ల రోలర్ కోస్టర్ రైలు నిమిషానికొకటి బయల్దేరితే గంటకి 1440 మంది. ఒకాయన హ్యాండుబ్యాగు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక, ఒకావిడ పిల్లాణ్ణి ఏ పక్కన కూర్చోబెట్టాలో తేల్చుకోలేక, ప్రతి రైలూ 15 సెకన్లు ఆలస్యమైందనుకోండి. గంటకి 48 రైళ్ళే వెళ్తాయి, 1152 మందే ఎక్కుతారు. పదిహేను సెకన్లకి 288 మంది నష్టం! క్యూలో వెయ్యిమంది ఉంటే, చివరివాడు 42 నిమిషాలు నిలబడవలసింది 52 నిమిషాలు నిలబడతాడు. వరసలో ఉన్నవాళ్ళ సంఖ్యకీ, వచ్చే వేగానికీ, నిరీక్షణకీ ఉన్న ఈ సంబంధాన్నే జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించాడు. ఆపరేషన్స్ రీసెర్చి చదివే మిత్రులు ‘లిటిల్ సూత్రం’ అనగానే గుర్తుపడతారు.

దెయ్యాల కొంపలో ఇంజనీరింగు

ఇక అసలు విషయానికొద్దాం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఎనహైమ్‌లో 1955 జులై 17న డిస్నీలాండ్ ప్రారంభమయింది. మా భూత్ బంగ్లాకి పెద్దన్నలాంటిది అక్కడొకటుంది. పేరు హాంటెడ్ మాన్షన్. దాని బయటి భవనం 1963లోనే కట్టేశారు గానీ లోపలికి జనాన్ని రానిచ్చింది 1969 ఆగస్టులో. మధ్యలో 1964-65 న్యూయార్కు ప్రపంచ ప్రదర్శన పనులు అడ్డొచ్చాయి. 1966 డిసెంబరులో వాల్ట్ డిస్నీ చనిపోయాడు. దానికి తోడు, జనం లోపల నడిచి చూడాలా, బండిలో కూర్చుని చూడాలా అన్న చర్చ. నడిచే పద్ధతిలో ఏమవుతుందో మా ఫస్టియరు కుర్రాడి కనుబొమనడిగితే చెబుతుంది!

చివరికి దొరికిన జవాబు ‘ఆమ్నిమూవర్’. గొలుసుకట్టుగా ఎక్కడా తెగకుండా కదులుతూనే ఉండే బళ్ళ వరస ఇది. 1967లో అదే పార్కులో ‘అడ్వెంచర్ త్రూ ఇన్నర్ స్పేస్’ అనే రైడ్‌లో మొదటిసారి వాడారు. బండి ఆగదు. ఎక్కే చోట నేల కూడా బండితో సమానవేగంగా కదిలే బెల్టు కాబట్టి, మనిషికి బండి నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. ఉదాహరణకి ఇద్దరు పట్టే బండి మూడు సెకన్లకొకటి వచ్చిందనుకోండి, గంటకి 1200 బళ్ళు, 2400 మంది. ‘బయల్దేరడం’ అనే ఘట్టమే లేనప్పుడు ఆలస్యానికి తావెక్కడ?

ఇంకా గొప్ప సంగతి చెబుతాను. ఆ బండి తనంతట తాను అటూ ఇటూ తిరుగుతుంది. దాని వీపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి, బండి ఎటు తిరిగితే మన చూపు అటే. సినిమాలో కెమెరా చేసే పని ఇక్కడ బండి చేస్తుందన్నమాట. జనాన్ని తరలించడానికి పుట్టిన యంత్రమే కథకుడి చెయ్యి కూడా అయింది. రెంటినీ కలిపి ఆలోచించడమంటే ఇదే.

అదే బంగ్లాలో మరో చమత్కారం. లోపలికి రాగానే ఒక ఎనిమిది పలకల గదిలో నిలబెట్టి తలుపు మూస్తారు. చూస్తుండగానే గోడలు సాగుతాయి, గోడలమీది పటాలు పొడుగవుతాయి. నిజానికి ఆ గది ఒక లిఫ్టు! అసలు రైడ్ ఉన్న పెద్ద షెడ్డు పార్కు చుట్టూ ఉన్న మట్టికట్టకీ రైలుపట్టాలకీ అవతల ఉంది. జనాన్ని పట్టాల కిందనుంచి దాటించాలి. అందుకు దించక తప్పదు, దించే పనినే కథగా మార్చారు. అలాంటి గదులు రెండున్నాయి. ఒకదాంట్లో కథ నడుస్తుంటే రెండోదాంట్లోకి జనం ఎక్కుతారు. మా పరదా లెక్కే! 1971లో ఫ్లోరిడాలో రెండో బంగ్లా కట్టినప్పుడు జనాన్ని కిందికి దించే అవసరం లేదు. అయినా గదిని వదులుకోలేదు. అక్కడ నేల దిగదు, కప్పు పైకి లేస్తుంది. అవసరానికి పుట్టిన చమత్కారం కథలో అంతగా కలిసిపోయింది.

అక్కడి ఉద్యోగులు నౌకర్ల వేషాల్లో ఉంటారు. ముఖాన నవ్వు లేకుండా “గది నడిబొడ్డుకి జరగండి” అంటారు. అది కథలో సంభాషణ, గేటు దగ్గర గుమిగూడకుండా జనాన్ని సర్దే ఆజ్ఞా అదే. బండ్లు ఎందుకైనా ఆగితే, కొంటె దయ్యాలు ప్రయాణానికి అడ్డొచ్చాయంటూ ఆ ఇంటి భూతం గొంతుతోనే ప్రకటన వస్తుంది. కరెంటు పోయినప్పుడు హరికథా దాసు గారు ఒక పిట్టకథ అందుకుని సభని కూర్చోబెట్టినట్టే.

ఎప్పుడొచ్చినా అర్థమయ్యే కథ

అయితే కథకుడు కూడా కొంత వదులుకోవాలి. నాటకంలో ప్రేక్షకుడు కదలడు, కథ కదులుతుంది. ఇక్కడ కథ ఒక చోట గిర్రున తిరుగుతుంటే ప్రేక్షకుడు కదిలిపోతాడు. 1967 మార్చిలో డిస్నీలాండ్‌లోనే తెరిచిన ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’ చూడండి. మొదట దాన్ని నడుస్తూ చూసే మైనపు బొమ్మల ప్రదర్శనగా అనుకున్నారు. న్యూయార్కు ప్రదర్శనలో ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ పడవలు వేలాది జనాన్ని తేలిగ్గా తరలించడం చూశాక పడవల ప్రయాణంగా మార్చారు. పడవ దాటే కొద్ది సెకన్లలో సముద్రపు దొంగ ఏ మాట మధ్యలో ఉంటాడో చెప్పలేం. కాబట్టి ‘ఆ తర్వాత ఏమైందంటే’ అనే కథ కుదరదు. ఊరు తగలబడుతోంది, దొంగలు తాగి పాడుతున్నారు, ఖైదీలు తాళంచెవి పట్టుకున్న కుక్కని బతిమాలుతున్నారు. ఏ క్షణాన చూసినా బొమ్మ పూర్తిగా అర్థమవుతుంది. ఇక్కడా పడవ జలపాతాలమీదుగా కిందికి జారడం వెనక రైలుపట్టాల కిందుగా దాటాల్సిన అవసరమే ఉంది.

దీనికి ఎదురు ధోరణి కూడా వచ్చింది. ఫ్లోరిడాలో 2019 డిసెంబరులో తెరిచిన ‘స్టార్ వార్స్: రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్’లో వరసగా నడిచే కథ ఉంది. సందేశం వినాలి, నౌక ఎక్కాలి, శత్రువుకి చిక్కాలి, ఖైదులో పడాలి, తర్వాత పట్టాలు లేని ఎనిమిది సీట్ల బండిలో పారిపోవాలి. అద్భుతమే. కానీ గొలుసులో ఏ లంకె తెగినా అంతా ఆగుతుంది. తొలిరోజుల్లో తరచు ఆగేది. అప్పట్లో మామూలు క్యూ కాకుండా, ఫోనులో నంబరు తీసుకుని పిలిచినప్పుడు రమ్మనే పద్ధతి పెట్టారు. కథ ఎంత చిక్కనైతే యంత్రానికి అంత ఓర్పు కావాలి.

నిలబడ్డవాడి కాలం

మిగిలింది క్యూ. దీని సంగతి మనవాళ్ళకి ఒకరు చెప్పనక్కరలేదు. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్టుమెంటు తలుపు తెరుచుకునే క్షణంకోసం కూర్చున్న ప్రతివాడూ ఈ శాస్త్రంలో పట్టభద్రుడే. అక్కడ నిరీక్షణకి అర్థం ఇచ్చేది భక్తి. పార్కులో ఆ అర్థాన్ని కట్టి చూపించాలి. డిస్నీలాండ్‌లో 1995లో తెరిచిన ఇండియానా జోన్స్ రైడ్ క్యూ పాడుపడ్డ గుడిలోంచి పోతుంది. గోడమీద విడమర్చుకోవలసిన లిపి ఉంటుంది. కప్పుకి ఆనించిన వెదురుబొంగును కదిపితే కప్పు కూలుతున్న చప్పుడు వస్తుంది. నిలబడ్డ కాలం కూడా కథలో భాగమే.

ఇలా ఆగి ఆడుకునేవాళ్ళ వల్ల వరసలో ఖాళీలు పడవా? పడతాయి. కానీ ఎక్కే గట్టు దగ్గర ఎప్పుడూ కొంతమంది సిద్ధంగా ఉంటే, వెనక ఖాళీల వల్ల నష్టంలేదు. చెరువులో నీరుంటే వాగు కాసేపు ఆగినా పొలం ఎండదు గదా.

1999లో ఫాస్ట్‌పాస్ అనే ఉచిత చీటీ వచ్చింది. చెప్పిన వేళకి వస్తే దగ్గరి దారిన పంపుతారు. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే లైట్నింగ్ లేన్ వచ్చింది. ఒక్కమాట గుర్తుంచుకోవాలి. చీటీల వల్ల రైడ్‌లో ఒక్క సీటు కూడా పెరగలేదు. ఒకరికి తగ్గిన నిరీక్షణ మరొకరి నెత్తిమీదికి జరిగింది, అంతే.

తొందరకి వెల

ఈ తూకంలో మూడో రాయి ఒకటుంది. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ పార్కులో ‘ద స్మైలర్’ అనే రోలర్ కోస్టర్ ఉంది. ప్రయాణికుల్ని పద్నాలుగుసార్లు తలకిందులు చేస్తుందని 2013లో ప్రపంచ రికార్డు పొందింది. 2015 జూన్ 2న పరీక్షకోసం ఖాళీగా పంపిన రైలు దారిలో నిలిచిపోయింది. కంప్యూటర్ సరిగ్గానే వెనక రైలుని ఆపింది. కానీ పట్టాలమీద ఆగిన రైలు సంగతి తెలియని ఇంజనీర్లు ఇదేదో తప్పుడు సంకేతమనుకుని దాన్ని తోసిపుచ్చి, పదహారుమంది ఉన్న రైలుని వదిలారు. ఆ ఢీతో ఇద్దరు యువతులకి చెరో కాలు తీసేయవలసి వచ్చింది. 2016లో న్యాయస్థానం యాజమాన్యానికి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తప్పు ఫలానా పనివాడిదని సరిపెట్టలేదు, పనిచేసే పద్ధతే సురక్షితంగా లేదంది.

డిస్నీ సంస్థ తన ఉద్యోగులకి నేర్పే సూత్రాలు చాలాకాలం నాలుగుండేవి. భద్రత, మర్యాద, ప్రదర్శన, సామర్థ్యం. 2021లో ‘అందరినీ కలుపుకోవడం’ కూడా చేర్చారు. గమనించవలసింది ఆ వరస. రెండు సూత్రాలు ఢీకొన్నప్పుడు ముందున్నది గెలవాలి. భద్రత మొట్టమొదట, సామర్థ్యం అన్నిటికన్నా చివర! అట్లాగని చివరిది చిన్నదని కాదు. మొదటి మూడూ సరిగ్గా అమర్చినచోట నాలుగోది చాలావరకు దానంతటదే వస్తుంది. కదిలే బెల్టూ, జంటగదులూ చెప్పేది అదే. గట్టుమీద నిలబడి ల్యాప్‌బార్ లాగి చూసే మనిషి చాలాచోట్ల మన వయసు విద్యార్థే. “త్వరగా కానీ” అనే కేక అతనిమీద పడకుండా చూడవలసింది నక్షా గీసేవాడు.

మన హైదరాబాదు దగ్గర కూడా రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది, వండర్‌లా 2016లో వచ్చింది. రేపు అలాంటి చోట్లకి లెక్క కట్టేవాళ్ళూ, కథ రాసేవాళ్ళూ మనలోంచే వెళ్ళవచ్చు. మిత్రులారా! అప్పుడు లెక్కవాడూ కథవాడూ మొదటిరోజునుంచే ఒక బల్లముందు కూర్చోండి. మా భూత్ బంగ్లాలో కథ రాసిందొకరు, టిక్కెట్లు అమ్మిందొకరు. ఇద్దరం కలిసింది ఫస్టియరు కుర్రాడి కట్టు దగ్గర.

వచ్చే ఎగ్జిబిషన్‌కి మీరూ ఒకటి పెట్టబోతున్నారని విన్నాను. పరదా గది మధ్యలో కట్టండి. బెంచీలు బయట పెట్టండి. ముందు ఎడం లెక్క కట్టి తర్వాత టిక్కెట్లు అమ్మండి. అప్పుడు ఆ పిల్ల ముహూర్తానికి నింపాదిగా బావిలోంచి లేస్తుంది.