పాపము కాదు, పప్పు



కాళ్లు చచ్చుబడినవానిని చూచి "పూర్వజన్మ పాపము" అని నిట్టూర్చుట మనలో చిరకాలపు అలవాటు. అట్టి జబ్బులలో ఒకదానికి కారణము పాపము కాదు, పప్పు అని మన శాస్త్రజ్ఞులు తెలిసికొన్న విధమును సంగ్రహముగా వివరింతును. రెక్కాడినగాని డొక్కాడని మన కామాఠిపుర వాసులు తెలిసికొనదగిన విషయ మిది.

కేసరి పప్పు చూచుటకు కందిపప్పువలె నుండును. మరాఠీవారు దీనిని లాఖ్ అందురు. వాన లేకున్నను, నీరు నిలిచినను ఈ పైరు బ్రతుకును. కావుననే కరవు కాలమున బీదవాని కిదియే దిక్కు. మధ్యప్రదేశమందలి రీవా ప్రాంతమున పూర్వము భూస్వాములు కూలి డబ్బునకు బదులు దీనినే కొలిచి యిచ్చెడివారు. రెండు మూడు నెలలు ఇదియే ముఖ్యాహారమైనచో కొందఱికి కాళ్లు బిగిసిపోవును. మొదట ఒక కఱ్ఱ, పిదప రెండు కఱ్ఱలు, తుదకు ప్రాకుట. బుద్ధికి లోటుండదు, పోయిన నడక మాత్రము తిరిగి రాదు. దీని పేరు లాథిరిజమ్.

1964లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందు ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఈ గింజలనుండి విషమును వేఱుచేసి ప్రకటించిరి. రావుగారు అనంతరము హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఈ పరిశోధనను కొనసాగించిరి.

ఆ విషము కణమును ఎట్లు చంపును? దీనిని శోధించినవారిలో డాక్టరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ఒకరు. ఆమె ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఎం.యస్‌సి. చదివి, 1981లో మైసూరు విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొంది, బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థలో పనిచేసిరి.

మెదడులో ఒక కణము వేఱొక కణమునకు వార్త నంపుటకు గ్లూటమేట్ అను పదార్థమును వాడును. కేసరి విషము దానిని పోలియుండును. తలుపు తట్టినది చుట్టమని తలచి దొంగకు తలుపు తీసినట్లు కణము మోసపోయి, ఎడతెగని ఉద్రేకముచే నశించును. ప్రతి కణములోను శక్తినిచ్చు చిన్న పొయ్యిలవంటి భాగములు గలవు. వానిని మైటోకాండ్రియా అందురు. కణము చావకమునుపే ఈ పొయ్యిలు మందగించునని విజయలక్ష్మిగారి బృందము ఎలుకలపై పరిశోధించి 1998లో ప్రకటించెను. ఈ హాని కనబడినది మెదడులో కదలికలను నడపు భాగమునందును, వెన్నుపాము దిగువ భాగమునందును. కాళ్లే ఏల బిగియునో దీనివలన కొంత బోధపడినది.

తరువాత ఆమె మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రమునకు ప్రథమ సంచాలకురాలైరి. 2010లో పద్మశ్రీ లభించెను. పిమ్మట కోలారు జిల్లా శ్రీనివాసపుర గ్రామములలో వృద్ధుల మతిమఱుపునుగూర్చిన దీర్ఘ పరిశోధనకు పూనుకొనిరి.

చచ్చిన నాడీకణమును బ్రతికించు మందు లేదు. చావకుండ కాపాడుకొనుట మన చేతిలోనిది. చౌకగా దొరకు కందిపప్పులోను, శనగపిండిలోను కేసరి కల్తీ చేయుట కలదు. ఎప్పుడో కొంచెము తిన్నంతమాత్రమున భయపడ నక్కఱలేదు. దినదినము అదియే తినుట ప్రమాదము. వేడినీట నానబెట్టి ఆ నీరు పాఱబోసినచో విషము చాలవఱకు తగ్గును. పప్పు కొనునప్పుడు కోణములు తేలిన గింజలున్నవేమో చూడుడు.

మఱియొక మనవి. ఏడవ తరగతి కాగానే ఆడపిల్లకు చదువేల యని మానిపింపకుడు. ఈ పప్పు రహస్యమును శోధించినవారిలో ఒక ఆడపడుచు కలదని జ్ఞాపక ముంచుకొనుడు.