కొటేషను రాసే కంప్యూటరు

గత సంవత్సరం మా హాస్టలుకు ఇంటర్‌నెట్ లైను వేయించాలని నిర్ణయమైంది. ఒక టెలికాం కంపెనీ ప్రతినిధి వచ్చాడు. లాప్‌టాప్ తెరిచి నాలుగు మీటలు నొక్కి, పది నిమిషాల్లో చక్కని కొటేషను చేతికిచ్చాడు. ఫైబరు లైను, నెల అద్దె, బిగింపు ఖర్చు, పన్ను, అన్నీ పైసలతో సహా ఉన్నాయి. వార్డెన్‌గారు సంతకం చేశారు. ఆరు వారాలకు కబురు వచ్చింది: మా రోడ్డులో ఆ కంపెనీకి ఫైబరే లేదట! ఈలోగా స్కాలర్‌షిప్పు దరఖాస్తుల గడువు ముంచుకొచ్చింది. హాస్టలు గుట్ట చాటున ఉండడంచేత సెల్‌ఫోను సిగ్నలు అందదు. రాత్రిళ్ళు మూడు కిలోమీటర్లు నడిచి బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో వరసలో నిలబడ్డాం. మా గదిలో ఒకడికి గడువు దాటిపోయింది.

కొటేషనులో కూడికలు మాత్రం తప్పు లేవు. మరి పొరపాటు ఎక్కడున్నట్టు? ఆ సందేహంతో కొంత చదివాను, తెలిసినవారిని అడిగాను. తేలిన సంగతులు ఇవి.

ఆ ప్రతినిధి వాడినదాన్ని సి.పి.క్యూ. సాఫ్ట్‌వేర్ అంటారు. కాన్ఫిగర్, ప్రైస్, క్వోట్ అని మూడు పనులు. అంటే సరుకు కూర్చడం, ధర కట్టడం, కొటేషను రాయడం. టెలికాంలో మొదటిదే కష్టం. ఒక బ్యాంకు తన 200 శాఖలకు లైన్లు అడిగిందనుకోండి. ప్రతి శాఖకూ ఫైబరా, రేడియోనా, ఉపగ్రహమా? వేగం ఎంత? లైను తెగితే ప్రత్యామ్నాయం ఉండాలా? రూటరు ఎవరిది? ఒప్పందం ఎన్నేళ్ళు? అవునా కాదా అనే ప్రశ్నలు పదే ఉంటే 1,024 రకాల కూర్పులు వస్తాయి. ముప్పై ఉంటే 107 కోట్లు దాటతాయి. వీటిలో చాలా భాగం పనికిరానివే. వాటిని ముందే ఏరిపారేయడానికి సూత్రాలు రాసి పెడతారు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1978లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌డెర్మట్ 'ఆర్1' అనే ప్రోగ్రాము రాశారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌వారు తమ వాక్స్ కంప్యూటర్ల ఆర్డర్లలో భాగాలు సరిపోయాయో లేదో చూడడానికి 1980 నుంచి దాన్ని వాడారు. తరవాత దానికే ఎక్స్‌కాన్ అని పేరు. ఆర్డర్లలో పొరపాట్లు తగ్గాయిగాని, సూత్రాలు వేలకు పెరిగి, వాటిని సవరించుకోవడమే ఒక పెద్ద ఉద్యోగమైంది. అంచేత ఈనాడు సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు కూడా అమ్మేవాణ్ణి ముందు అడగవలసింది ఇదే: రేపు కొత్త ప్లాను వస్తే సూత్రం మార్చేది మా గుమాస్తాయేనా, లేక ప్రతిసారీ మీ ఇంజనీరును పిలవాలా?

ఇక మా హాస్టలు సంగతి. ధర కట్టే ముందు ఆ చిరునామాకు లైను అందుతుందా అని సాఫ్ట్‌వేరు కంపెనీ నెట్‌వర్కు రికార్డును అడగాలి. టి.ఎం. ఫోరం అనే అంతర్జాతీయ టెలికాం సంఘం ఈ ప్రశ్న అడగడానికీ, కొటేషనుకూ విడివిడిగా ప్రమాణాలు తయారుచేసింది. కాని ఎన్ని ప్రమాణాలున్నా రికార్డు నిజమై ఉండాలి గదా. పైగా మన ఊళ్ళ చిరునామాలు 'రామాలయం ఎదురు సందు' అన్నట్టు ఉంటాయి. అక్షాంశ రేఖాంశాలు తీసుకోని సాఫ్ట్‌వేరు ఇక్కడ ఊహమీదే ధర కడుతుంది. మా పొలంలో బోరు వేసినప్పుడు బండివాడు అడుగుకింత, కేసింగు పైపు వేరు అని రేటు చెప్పాడు. నీళ్ళు పడతాయని మాత్రం అనలేదు. ఆ విషయంలో అతను ఈ కంప్యూటరుకంటే నిజాయితీపరుడని నా అభిప్రాయం!

మరో పరీక్ష, నెల మధ్యలో మార్పు. 10 ఎం.బి. లైనుకు నెలకు రూ. 6,000, 20 ఎం.బి.కి రూ. 9,000 అనుకుందాం. ముప్పై రోజుల నెలలో 11వ తేదీ నుంచి వేగం పెంచమన్నారు. మొదటి పది రోజులకు 2,000, మిగతా ఇరవైకి 6,000, వెరసి 8,000. దానిపై 18 శాతం జి.ఎస్.టి. 1,440 కలిపితే రూ. 9,440. ఇంతటి చిన్న లెక్కలో కూడా కొటేషను ఒకటి, బిల్లు ఒకటి చెబితే, రెండు చోట్లా రెండు ధరల పట్టికలున్నాయన్నమాట. కొటేషను ఆర్డరుగా మారేటప్పుడు ఎవరైనా మళ్ళీ టైపు చేస్తున్నారా అన్నది కూడా అక్కడే బయటపడుతుంది. రాయితీకి ఎవరి ఆమోదం కావాలో సాఫ్ట్‌వేరుకు తెలియాలి, అది కొంచెం సులభమైన పనే.

అమ్మేవాళ్ళు చూపించే ప్రదర్శనలో ఇవేవీ కనబడవు. 2013లో ఒరాకిల్ బిగ్ మెషీన్స్‌ను, 2020లో సేల్స్‌ఫోర్స్ వ్లాసిటీని కొన్నాయి. ఇవన్నీ పెద్ద పేర్లే. ప్రదర్శనలో ఎవరి సరుకైనా నున్నగానే నడుస్తుంది. నేనైతే గత ఏడాది ఇచ్చిన కొటేషన్లు యాభై తీసుకుంటాను. వాటిలో చెడిపోయినవి తప్పకుండా ఉండాలి. వాటిని కొత్త సాఫ్ట్‌వేరుకిచ్చి, ఎన్నిటికి 'ఇక్కడ లైను ఇవ్వలేం' అని చెబుతుందో చూస్తాను. ఎంత త్వరగా చెప్పిందన్నది ఆ తరవాతి మాట.

మా హాస్టలుకు నాలుగు నెలల తరవాత రేడియో లింకు వచ్చింది. దాని స్తంభానికి వేరే బిల్లు ఇచ్చారు. ఆ స్తంభం కొటేషనులో లేదు.