రాయలసీమలో ఎత్తుమడులపై శీతకాలపు కూరగాయల సాగు

ఎత్తుమడి అనగా చుట్టూ ఉన్న నేలకంటె ఎత్తుగా మట్టిని పోసి, పైభాగాన్ని చదును చేసి, ఇరుప్రక్కల కాలువలు తీసిన మడి. కర్నూలు, కడప ప్రాంతాలలో భాద్రపదం నుండి మాఘం వరకు పండే కూరగాయలకు, వాటి నారు పెంపకానికి ఈ మడులు ఉపయోగపడతాయి. వర్షాభావానికి పేరుపడిన సీమలో నీటిని నిలువనీయని మడి ఎందుకన్న సందేహం సహజం. ఇక్కడి కష్టం వాన తక్కువ కావడం ఒక్కటే కాదు. ఆ కొద్దిపాటి వాన కొద్దిరోజులలోనే కుండపోతగా కురిసిపోవడం రెండవ కష్టం. అందుచేత మడి ఎత్తును నేలను బట్టి, కార్తెను బట్టి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

వర్షపాతం

సాధారణ వార్షిక వర్షపాతం ఉమ్మడి కర్నూలు జిల్లాలో సుమారు 670 మిల్లీమీటర్లు, ఉమ్మడి కడప జిల్లాలో సుమారు 700 మిల్లీమీటర్లు. (ఈ అంకెలు 2022 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందరి జిల్లాలవి.) కర్నూలులో వాన చాలావరకు నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. కడపలో మూడోవంతుకు పైగా ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తుంది. శీతకాలపు కూరగాయల నారు మడిలో ఉండే కాలం కూడా ఇదే.

2009లో దేశమంతటా నైరుతి ఋతుపవనాలు విఫలమయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య జలాశయం కట్ట తెగిపోయింది. ఇంతటి విపత్తులను ఏ మడీ ఆపజాలదు. కాని ఒక రాత్రి కురిసి వెలిసే జడివాన నుండి నారును కాపాడడం ఎత్తుమడికి సాధ్యమే. నారు పోయినచో రైతు నష్టపోయేది విత్తనం ఖర్చు మాత్రమే కాదు. మరల నారు పోసి ఎదిగించుటకు నెలరోజులు పడుతుంది. ఆ నెలరోజుల చలి తిరిగి రాదు.

నేలను బట్టి మడి

కుందూ నది లోయలో నంద్యాల, ఆళ్ళగడ్డ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. రేగడి తడిసినపుడు ఉబ్బి పగుళ్ళు మూసుకొంటాయి. ఆపైన నీరు త్వరగా ఇంకదు, వేళ్ళకు గాలి అందదు, ఆకులు పసుపుబారి మొక్క వడలిపోతుంది. ఇటువంటి నేలలో మడి 20 నుండి 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండడం మేలు. 1972లో పటాన్‌చెరులో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ ఆ దశకంలోనే నల్లరేగడులలోని మెట్టపంటల కొరకు వెడల్పు మడులు, కాలువల పద్ధతిని రూపొందించింది. అందులో మడి సుమారు ఒక మీటరు, కాలువ అర మీటరు వెడల్పు ఉంటాయి. స్వల్పమైన వాలు వెంట అధికజలం మెల్లగా బయటకు పోతుంది.

పత్తికొండ, డోన్, రాయచోటి ప్రాంతాలలో ఎర్రనేలలు ఎక్కువ. వీటిలో నీరు త్వరగా ఇంకిపోతుంది. ఇక్కడ మడిని ఎక్కువ ఎత్తు చేసినచో వాన వెలిసిన మూడు నాలుగు రోజులకే మట్టి ఎండిపోతుంది. కనుక 10 నుండి 15 సెంటీమీటర్ల ఎత్తు చాలును. బీర, సొర, కాకర వంటి తీగలకు మన పెద్దలు ఎత్తుమడి కాక పాదు చేయడంలోని అంతరార్థం ఇదే. పాదు నీటిని మొక్క దగ్గరే నిలుపుతుంది.

ఇతర దేశాలలోనూ ఇట్టి భేదమే కనిపిస్తుంది. మెక్సికోలోని షోచిమిల్కో వద్ద లోతులేని సరస్సులో బురదను పోసి ఎత్తైన మడులు కట్టారు. అమెరికాలోని న్యూమెక్సికోలో జూనీ తెగవారు ఎండు నేలలో చుట్టూ మట్టిగట్లు వేసి పల్లపు మడులు చేసుకొన్నారు. రాయలసీమ రైతుకు ఈ రెండు అవసరాలూ ఒకే పంటకాలంలో ఎదురవుతాయి.

నారుమడి

నారుమడి 4 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. వెడల్పు మీటరు మించితే ఇరువైపుల నుండి చేయి అందక, కలుపు తీయుటకు మడిని త్రొక్కవలసి వస్తుంది. బాగా చివికిన పశువుల ఎరువును మట్టిలో కలిపి, అడ్డంగా సన్నని గీతలు గీసి విత్తనం పలుచగా వేయాలి. ఒత్తుగా చల్లిన నారుకు నారుకుళ్ళు తెగులు త్వరగా సోకుతుంది. ఈ శిలీంధ్రం తడి నిలిచిన మట్టిలో ప్రబలి, లేతమొక్కలను మొదలు వద్ద కుళ్ళజేస్తుంది.

నివారణకు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, కొద్దిగా తడిపి, నీడలో వారం పది రోజులు ఉంచి మడులలో చల్లవచ్చును. విత్తిన పిదప పలుచగా వరిగడ్డి కప్పి, మొలక కనిపించగానే తీసివేయాలి.

టమాటా, క్యాబేజి, కాలీఫ్లవర్ నారు 25–30 రోజులకు, వంగ నారు 30–35 రోజులకు, ఉల్లినారు సుమారు 45 రోజులకు నాటుటకు సిద్ధమవుతుంది.

కార్తెలు, పంటలు

* ఉత్తర, హస్త కార్తెలు (సెప్టెంబరు మధ్య నుండి అక్టోబరు మొదటి వారం వరకు): టమాటా, వంగ, క్యాబేజి, కాలీఫ్లవర్ నారు పోయడం. వానలు ఎక్కువ కనుక మడి పూర్తి ఎత్తులో ఉండాలి.
* చిత్త, స్వాతి కార్తెలు (అక్టోబరు రెండవ వారం నుండి నవంబరు మొదటి వారం వరకు): నారు నాటడం, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ విత్తడం. దుంపకూరలకు గుల్లబారిన లోతైన మట్టి కావాలి. గట్టి రేగడిలో క్యారెట్ వంకరలు పోతుంది.
* విశాఖ, అనూరాధ కార్తెలు (నవంబరు): పాలకూర, మెంతికూర, కొత్తిమీర. పదిహేను రోజులకొక మడి చొప్పున విత్తినచో సంక్రాంతి వరకు వరుసగా ఆకుకూర లభిస్తుంది.

కర్నూలు, కడపల చలి ఉత్తరభారతపు చలి వంటిది కాదు. మిక్కిలి చలి కోరే స్నోబాల్ వంటి కాలీఫ్లవర్ రకాలు ఇక్కడ సరిగా పువ్వు కట్టవు. వేడిని తట్టుకొనే స్వల్పకాలిక రకాలను ఎన్నుకోవాలి. పందిరి చిక్కుడులోని దేశవాళీ రకాలు పగటి కాలం తగ్గిన తరువాతనే పూతకు వస్తాయి. కాబట్టి వానాకాలంలో కాయలేదని తీగను పీకివేయరాదు.

కడప జిల్లా మైదుకూరు ప్రాంతపు కృష్ణాపురం ఉల్లి సింగపూరు, మలేషియాలకు ఎగుమతి అయిన చిన్న ఉల్లి రకం. ఉల్లి వేళ్ళు లోతుకు పోవు. నీరు నిలిచినచో గడ్డ కుళ్ళిపోతుంది కనుక ఎత్తుమడి దీనికి మిక్కిలి అనుకూలం.

నీరు, ఉప్పు

వానలు వెనుకబడిన తరువాత, అనగా డిసెంబరు నుండి, మడి ఎత్తే ఇబ్బందిగా మారుతుంది. అప్పుడు వేరుశనగ కాయల పొట్టు (కర్నూలు వాడుకలో బుడ్డల పొట్టు), వరిగడ్డి, ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన కప్పినచో తేమ నిలుస్తుంది. మొక్క మొదలుకు మాత్రం కప్పు తగలరాదు.

బోరునీరు ఉప్పగా ఉన్నచోట మరొక జాగ్రత్త అవసరం. కాలువలో పారించిన నీరు మట్టి గుండా పైకెక్కి మడి నడినెత్తిన ఆవిరవుతుంది. ఉప్పు అక్కడే తెల్లని పొరగా మిగులుతుంది. అటువంటి మడిలో మొక్కలను నడుమ కాక అంచుల వాలుపై నాటాలి. చిక్కుడు, క్యారెట్, ఉల్లి ఉప్పును ఓర్వలేవు. బీట్‌రూట్, పాలకూర కొంత ఓర్చుకొంటాయి. బిందుసేద్యం ఉన్నవారు మీటరు మడికి రెండు గొట్టాలు వేసినచో ఉప్పు మొక్కల వరుసల నుండి దూరంగా జరుగుతుంది.

పెరటి మడులు

ఇంటి పెరటిలో మడి అంచు జారిపోకుండా నాపరాళ్ళు నిలువుగా పాతవచ్చును. కడప బండలు, బేతంచెర్ల బండలు ఈ ప్రాంతంలో సులభంగా లభిస్తాయి. బండ ఎండకు కాగుతుంది కాబట్టి మొక్కను జానెడు లోపలికి నాటాలి. అడుగున బండ పరచరాదు. పరచినచో మడి నీటితొట్టి అవుతుంది.

పరిమితులు

మడులు కట్టుటకు కూలి ఖర్చు ఎక్కువ. ప్రతి వానకు అంచులు కరుగుతాయి, మరల ఎగదోయవలసి ఉంటుంది. బోరు ఎండిపోయే చోట మడి ఎంత చక్కగా ఉన్నా శీతకాలపు పంట గట్టెక్కదు. అందువలన మొదట బావిలో నీరు ఫాల్గుణం వరకు ఎన్ని మడులకు సరిపోవునో లెక్క చూచుకొని, అన్ని మడులు మాత్రమే వేసుకోవాలి.