కుర్చీని కాదన్న కవి

ఊరి చెరువు కట్ట తెగిపోయేలా ఉంది. ఊరు నిలవాలంటే ఆ ఇంటి కోడలు బలికావాలి. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. తనే నడిచి వెళ్లి నీళ్లలో కలిసిపోయింది. పేరు ముసలమ్మ... వయసులో మాత్రం పడుచు ఇల్లాలు!

అనంతపురం ప్రాంతంలో చెప్పుకునే ఈ కథను ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా మలిచిన కవికి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి. ఊరు చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచి. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి. 1880లో పుట్టిన ఈ సీమ బిడ్డ కేంబ్రిడ్జిలో చదివారు. మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఉన్నతాధికారిగా పనిచేశారు. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసి పండితలోకంలో దుమారం రేపారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

అసలు పరీక్ష 1930లో ఎదురైంది. ఉప్పు సత్యాగ్రహం రోజులవి. ఉద్యమకారులపై బ్రిటిష్ సర్కారు దమనకాండ సాగిస్తోంది. తన చేతుల మీదుగా మొలకెత్తిన విశ్వవిద్యాలయం ఇంకా నిలదొక్కుకోలేదు. అయినా నిరసనగా రాజీనామా ఇచ్చేశారు. ఆ పీఠంపైకి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు.

కవి అధికారి అయితే ఈ సంకటం తప్పదేమో! చైనాలో తావో యువాన్‌మింగ్ అనే కవి క్రీ.శ. 405లో చిన్నపాటి సర్కారు కొలువును మూణ్నెల్లు తిరక్కుండానే వదిలేసి పల్లెకు వెళ్లిపోయాడు. మళ్లీ కొలువు ముఖం చూడలేదు.

కట్టమంచి అలా చేయలేదు. 1936లో తిరిగొచ్చి అదే కుర్చీలో 1949 దాకా ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో విశాఖ నుంచి విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలాల్సి వచ్చినా చెదరనివ్వలేదు. క్విట్ ఇండియా సాగిన 1942లోనే ‘సర్’ బిరుదూ అందుకున్నారు. నాడు సర్కారును కాదని లేచిపోయిన మనిషేనా ఈయన అనిపిస్తుంది కదూ!

అయితే రెండుసార్లూ ఆయన కుర్చీని కుర్చీగానే చూశారు. మాట కోసం దిగారు, విద్యాలయం కోసం ఎక్కారు. పెళ్లి చేసుకోని ఆయనకు ఆ విద్యాలయమే సంసారం. 1951లో కన్నుమూశారు.

కట్టమంచి ఇప్పుడు చిత్తూరు నగరంలో కలిసిపోయింది. ఆ పేరు వినబడితే మాత్రం తెలుగువాళ్లకు ఊరికన్నా ముందు గుర్తొచ్చేది... ఆ మనిషే!