ట్యాంక్ ఆడేవాడి పని ఏమిటి? ఆన్‌లైన్ ఆటల్లో అడ్డంగా నిలబడే విద్య



సెలవు రోజున ఫోన్ చేతిలో పెట్టుకొని "నేను ట్యాంక్‌ని, నా వెనకాల రండ్రా" అని పిల్లలు అరుస్తుంటే ఇంట్లో పెద్దోళ్లకి ఏమీ అర్థం కాదు. ట్యాంక్ అంటే మనకి తెలిసింది మేడ మీది నీళ్ల ట్యాంకే కదా! నిజానికి యుద్ధ ట్యాంకుకి ఆ పేరు నీళ్ల ట్యాంకు నుంచే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆంగ్లేయులు ఆ బండిని తయారుచేస్తూ, సంగతి బయటికి పొక్కకుండా, నీళ్ల తొట్టి అని చెప్పుకున్నారు. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్సులో అది మొదటిసారి యుద్ధానికి దిగింది. పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. తూటాలు తగిలినా ఆగకుండా ముందుకు పోయేది కాబట్టి, ఆటల్లో దెబ్బలు తట్టుకొని ముందు నడిచే పాత్రని కూడా ట్యాంక్ అంటున్నారు.

ఆ పాత్ర ఎట్లా పనిచేస్తుందో, మనుషులతో మనుషులు తలపడే ఆటలో దాన్ని ఎట్లా ఆడాలో ఇక్కడ చెప్పుకుందాం. ఆడే పిల్లలకి ఆట బాగుపడుతుంది. ఆడని పెద్దోళ్లకి పిల్లల మాటలు అర్థమవుతాయి.

రాక్షసుడు వేరు, మనిషి వేరు

జట్టుగా ఆడే పోరాట ఆటల్లో మామూలుగా మూడు రకాల పనులుంటాయి. దెబ్బ కొట్టేవాళ్లు, గాయాలు మాన్పేవాళ్లు, దెబ్బ కాచుకునేవాళ్లు. మూడోవాడే ట్యాంక్. వాడికి ప్రాణం ఎక్కువ, కవచం గట్టి, కొట్టే బలం తక్కువ.

2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి ఆటల్లో కంప్యూటర్ నడిపే రాక్షసుడితో పోరాడేటప్పుడు ట్యాంక్ పని సులభంగా అర్థమవుతుంది. తనకి ఎవరు ఎక్కువ కోపం తెప్పించారో రాక్షసుడు లెక్క పెట్టుకుంటాడు. ట్యాంక్ ఒక్కసారి రెచ్చగొడితే చాలు, వాడి మీదికే వస్తాడు. మిగిలినోళ్లు వెనక నుంచి హాయిగా కొట్టుకుంటారు.

ఎదురుగా ఉండేది మనిషి అయితే ఈ పప్పులుడకవు. మనిషికి కళ్లున్నాయి, బుద్ధి ఉంది. బండరాయిలాంటి ట్యాంక్‌ని కొడుతూ కాలం వృథా చేసుకోడు. పక్కనుంచి దాటిపోయి, వెనకున్న విల్లుకాడినో వైద్యుడినో పడగొడతాడు. ఆ ఇద్దరూ పోయాక ట్యాంక్ ఒక్కడే మిగిలి చేసేదేముంది?

కొత్తగా ఆడేవాళ్లకి ఇక్కడే తికమక. "నాకు ఇంత ప్రాణం ఉందే, నేను చావనే లేదే, మరి జట్టు ఎందుకు ఓడింది?" అంటారు. మనిషితో పోరులో దెబ్బలు తినడం ట్యాంక్ పనిలో సగం కూడా కాదు. ఎదుటివాడు పోవాలనుకున్న చోటికి పోనీకుండా చేయడమే అసలు పని.

సైంధవుడి పని

ఈ పనికి మన భాషలో ఎప్పటినుంచో ఒక పేరుంది. ఎవరైనా పనికి అడ్డం వస్తే "సైంధవుడిలా అడ్డుపడ్డాడు" అంటాం. కురుక్షేత్రంలో పదమూడో రోజు ద్రోణుడు పద్మవ్యూహం పన్నాడు. అర్జునుణ్ణి సంశప్తకులు దూరంగా తీసుకుపోయారు. అభిమన్యుడు వ్యూహాన్ని ఛేదించుకొని లోపలికి దూరాడు. వెనకనే ధర్మరాజు, భీముడు, నకుల సహదేవులు బయల్దేరారు. వాళ్ల నలుగురినీ వ్యూహద్వారం దగ్గర సైంధవుడు ఒక్కడే ఆపాడు. అర్జునుడు తప్ప మిగతా పాండవులను ఒక్కరోజు నిలువరించేట్టు శివుడి వరం వాడికుంది.

ధర్మం ఎవరి పక్షాన ఉందన్నది పక్కన పెట్టి ఎత్తుగడ మాత్రం చూడండి. సైంధవుడు ఆ నలుగురిలో ఒక్కరిని కూడా చంపలేదు. వాళ్లని ఆపాడు, అంతే. ఆ కాసేపటిలో లోపల జరగాల్సింది జరిగిపోయింది. ట్యాంక్ ఆట అంటే ఇదే.

అదే కథలో రెండో పాఠమూ ఉంది. అభిమన్యుడు వీరుడే, కానీ వెనక వస్తామన్నవాళ్లు రాలేకపోయారు. ముందుకు దూకే ట్యాంక్ తిరిగి చూడకపోతే ఇదే గతి. దూకే ముందు ఒక్క క్షణం మ్యాప్ చూడండి. మీ జట్టు నాలుగడుగుల్లో ఉంటేనే దూకండి. లేకపోతే ఆగండి.

అడ్డుకునే దారులు నాలుగు

మొదటిది, దారి మూయడం. పోకెమాన్ యునైట్‌లో జట్టుకి ఐదుగురు, ఆట పది నిమిషాలు. అందులో ట్యాంక్ పాత్రలను డిఫెండర్లు అంటారు. స్నోర్‌లాక్స్ అనే డిఫెండర్‌కి బ్లాక్ అనే విద్య ఉంది. చేతులు చాచి ముందు గోడలాగా నిలబడితే ఎదుటివాళ్లు దాటి రాలేరు. ఇరుకు దారిలో దీన్ని వాడితే ఒక్కడు ముగ్గురిని ఆపొచ్చు. ఖాళీ మైదానంలో వాడితే పక్కనుంచి వెళ్లిపోతారు. కాబట్టి విద్య కంటే ముందు నిలబడే చోటు చూసుకోవాలి.

రెండోది, కదలకుండా కట్టేయడం. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో మాల్ఫైట్ అనే రాతిమనిషి గుంపు మీదికి దూసుకుపోయి అందరినీ గాల్లోకి లేపుతాడు. ఒక్క క్షణం పైచిలుకే, కానీ ఆ క్షణంలోనే మీవాళ్లు కొట్టాలి. మీవాళ్లు దూరంగా ఉండగా లేపితే విద్య వృథా.

మూడోది, డాలు పట్టడం. ఓవర్‌వాచ్‌లో రైన్‌హార్ట్ పెద్ద కాంతి డాలు ఎత్తి వెనకున్నవాళ్లని తూటాల నుంచి కాపాడతాడు. కానీ డాలు ఎత్తినంతసేపు వాడి సుత్తి ఆడదు. డాలుకి కూడా ప్రాణం లెక్క ఉంటుంది, అది అయిపోతే పగిలిపోతుంది. దించితేనే మళ్లీ నిండుతుంది. ఎప్పుడు ఎత్తాలో తెలిసినవాడికి ఎప్పుడు దించాలో కూడా తెలియాలి. గోడ చాటు ఉన్నప్పుడు డాలు దించి, బయల్లో నడిచేటప్పుడు ఎత్తండి.

నాలుగోది, బలవంతంగా తనవైపు తిప్పుకోవడం. ఇది అరుదు. డోటా 2లో ఆక్స్ అనే వీరుడు కేక వేస్తే దగ్గరున్న శత్రువులు కాసేపు వాణ్ణే కొట్టక తప్పదు. రాక్షసుణ్ణి రెచ్చగొట్టే పాత విద్యని మనుషుల మీద కూడా పనిచేసేట్టు ఆ ఆట చేసినవాళ్లు మలిచారు.

కవచం లెక్క

లెక్కలంటే ఇష్టముండే పిల్లలు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో కవచం విలువను, అదే విలువకి 100 కలిపిన మొత్తంతో భాగిస్తే ఎంత దెబ్బ తగ్గుతుందో తెలుస్తుంది. కవచం 100 అయితే 100 బై 200, అంటే సగం దెబ్బ తగ్గుతుంది. మీ ప్రాణం 1000 అనుకుంటే ఎదుటివాడు 2000 దెబ్బ కొడితేగానీ మీరు పడరు. కవచం 200 అయితే మూడింట ఒక వంతు దెబ్బే తగులుతుంది, అప్పుడు 3000 కొట్టాలి. 300 అయితే 4000.

ఇంకో లెక్క చూడండి. ప్రాణం 2000 ఉండి కవచం సున్నా అయితే 2000 దెబ్బకే పడతారు. ప్రాణం 1000, కవచం 100 ఉన్నా అదే 2000. కానీ ప్రాణం 2000, కవచం 100 రెండూ ఉంటే 4000 కావాలి. రెండూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. అందుకే ఒక్కదాన్నే పెంచుకుంటూ పోకుండా రెండూ సమానంగా పెంచుకోవాలి.

ఒక జాగ్రత్త. కత్తి, బాణం దెబ్బలకి ఒక కవచం, మంత్రం దెబ్బలకి వేరే కవచం ఉంటుంది. ఎదుటి జట్టులో ముగ్గురు మంత్రగాళ్లుంటే ఇనుప కవచం కొని ఏం లాభం? ఎదుట ఎవరున్నారో చూసి ఆ తరువాత కొనండి. ప్రతి ఆటలోనూ ఒకే సామాను కొనేవాడు వానాకాలం, ఎండాకాలం రెండింటికీ ఒకే బట్ట కట్టినట్టు.

దూకాలా, కాపాడాలా?

ప్రతి పోరులో ట్యాంక్ ముందు ఈ ప్రశ్న వస్తుంది. ఎదుటివాళ్ల మీదికి దూకి వాళ్ల ముఖ్యుణ్ణి పట్టుకోవచ్చు. లేదా వెనక్కి వచ్చి మన ముఖ్యుణ్ణి కాపాడొచ్చు. ఒకేసారి రెండూ కుదరవు.

తేల్చుకోడానికి ఒక చిన్న ఉపాయం. ఈ ఆటలో ఎవరు బాగా బలపడ్డారో చూడండి. మన విల్లుకాడు బలపడి ఉంటే వాడి పక్కనే ఉండండి, వాడు బతికుంటే ఆట మనదే. ఎదుటివాడు బలపడి ఉంటే వాడి మీదికి దూకి కట్టేయండి.

చావు గురించి కూడా ఒక మాట. ట్యాంక్ చచ్చిన ప్రతిసారీ నష్టమే అనుకోవద్దు. మీరు ముగ్గురిని పట్టుకొని పడిపోయిన సమయంలో మీవాళ్లు గోల్ వేశారా, కోట పడగొట్టారా? అయితే ఆ చావు లాభమే. పోకెమాన్ యునైట్‌లో చివరి రెండు నిమిషాల గోల్స్‌కి రెట్టింపు పాయింట్లు. కాబట్టి అప్పుడు దారి మూసి పడిపోయినా పరవాలేదు. కానీ ఏమీ దక్కని చోట ఊరికే పడిపోతే, మీరు తిరిగి లేచేదాకా జట్టు నలుగురితోనే ఆడాలి.

పట్టికలో కనిపించని పని

ఆట ముగిశాక వచ్చే పట్టికలో ఎవరు ఎంతమందిని చంపారో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ట్యాంక్ పేరు పక్కన చంపినవి రెండు, చచ్చినవి తొమ్మిది అని ఉండొచ్చు. అది చూసి సొంత జట్టువాళ్లే చాట్‌లో తిడతారు. చానామంది పిల్లలు ఇందుకే ట్యాంక్ వదిలేసి కొట్టే పాత్రలకి పోతారు. ఐదుగురూ కొట్టేవాళ్లే అయిన జట్టులో ముందు నిలబడేవాడుండడు. మొదటి దెబ్బకే చెదిరిపోతారు.

మన ధర్మపురి మ్యూజియంలో వీరగల్లులు చూశారా? తమిళంలో నడుకల్ అంటారు. మన జిల్లాలో, పక్కనున్న కృష్ణగిరి జిల్లాలో ఇట్లాంటివి ఎన్నో దొరికాయి. ఊరి పశువుల మందను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డంపడి ప్రాణం వదిలినవాళ్లకి నిలబెట్టిన రాళ్లు వాటిలో చాలా ఉన్నాయి. ఎంతమందిని చంపాడన్నదే గొప్పగా ఆ ఊళ్లు చూడలేదు. మంద కోసం నిలబడినవాణ్ణి తలుచుకున్నాయి. ఆట వేరు, ప్రాణం వేరు, రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేం. కానీ నిలబడినవాడి పని గుర్తుపెట్టుకోవాలన్న బుద్ధి మాత్రం మనకి ఆ రాళ్ల నుంచే నేర్చుకోవచ్చు.

కాబట్టి పట్టిక చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పెద్ద పోరు ముగిశాక మన విల్లుకాడు బతికున్నాడా? ఎదుటివాళ్ల పెద్ద విద్యలు ట్యాంక్ మీదే ఖర్చయిపోయాయా? గోల్ వేసేటప్పుడు దారి ఎవరు మూశారు? వీటికి జవాబు దొరికితే ఆ రోజు గెలుపు ఎవరిదో తెలుస్తుంది. మీ జట్టులో ట్యాంక్ ఆడినవాడికి ఒక మంచి మాట చెప్పండి. ముక్కు మొహం తెలియనివాళ్లు తిడితే తిరిగి తిట్టకండి, మ్యూట్ నొక్కి ఆటలో పడండి.

తల్లిదండ్రులకి

ఈ ఆటలు ఇప్పుడు పోటీలు కూడా. 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో మన దేశపు డోటా 2 జట్టు కంచు పతకం తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి మొదటిసారి పతకాలిచ్చారు. అట్లాగని ప్రతి పిల్లవాడూ పతకం తెస్తాడని కాదు. ఆటకి ఒక వేళ పెట్టండి. రాత్రి నిద్ర, పరీక్షల చదువు ముందు. జట్టు ఆటని మధ్యలో ఆపమంటే మిగతా నలుగురు ఇబ్బంది పడతారు కాబట్టి, "ఈ ఒక్క ఆట ముగించి రా" అనండి. ముగిశాక ఫోన్ తీసుకోండి.

మొబైల్ లెజెండ్స్ అనే ఆట 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఒకటి. దొంగదారిలో దాన్ని దింపుకోనీయకండి. డబ్బు పందెం పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. పిల్లవాడు ఆడేది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో "నేను ట్యాంక్‌ని" అంటే, "అయితే ఈరోజు ఎవరిని కాపాడావు?" అని అడిగి చూడండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలానే ఉంటుంది.