రాత్రి పదింటికి రిలీవర్ ఎవరు?

మా ఇంట్లో గడియారం కంటే బాపు బొగ్గుబాయి షిఫ్టే పెద్దది. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి ఆయన పడుకుంటే, లేచేదాకా అమ్మ రోకలి ముట్టేది కాదు. గోదావరిఖనిలో ఏ క్వార్టర్‌లో అడిగినా ఇదే చెబుతారు. అలాంటి ఇళ్లలో పెరిగిన ఆడపిల్లలు ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరుల్లో మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్లు కూడా అవుతున్నారు. వాళ్ల గురించి ఇక్కడ వినబడే కొన్ని మాటలు నన్ను కలవరపెడతాయి.

అపోహ: "ఏసీల కూసోని చేసే పనే కదా, అలసట ఏముంటది?"

వాస్తవం: ఒక కంపెనీకి ఖర్చు ఎందుకు పెరిగింది, సరుకు ఎక్కడ ఆగిపోతోంది అన్నది లెక్కలు తీసి, అక్కడి మనుషులతో మాట్లాడి, కొద్ది వారాల్లో దారి చూపాలి. క్లయింట్ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి పోవాలి. పని గంటలు ఎక్కువే. అంతకన్నా బరువైనది, అవి ఎప్పుడు మీద పడతాయో తెలియకపోవడం. బాయిలో ఎంత కష్టమైన షిఫ్టుకైనా ఒక చివర ఉంటుంది. రిలీవర్ వస్తాడు, పని ఎక్కడిదాకా వచ్చిందో అతనికి చెప్పి పైకొస్తారు. రాత్రి పదింటికి "పొద్దున్నకల్లా ఈ అంకెలు మార్చాలి" అని మెసేజ్ వస్తే ఈ అమ్మాయికి రిలీవర్ ఎవరు?

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ ఇలాంటి వాటిని ఆశపోతు ఉద్యోగాలు అన్నారు. పిలిచినప్పుడల్లా పలికేవాళ్లకే అవి బాగా ఎక్కువ జీతమిస్తాయి. దాంతో భార్యాభర్తల్లో ఒకరు ఆ ఉద్యోగం పట్టుకుంటే, రెండోవాళ్లు ఇంటికోసం వెనక్కి తగ్గుతారు. తగ్గేది ఎక్కువగా భార్యే.

అపోహ: "ఆ లైనే అంత. చేతనైతే చేయాలె, లేకుంటే మానుకోవాలె."

వాస్తవం: బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో హార్వర్డ్ ప్రొఫెసర్ లెస్లీ పెర్లో ఒక ప్రయోగం చేసి, 2009లో ఫలితాలు ప్రచురించారు. టీమ్‌లో ప్రతి ఒక్కరికీ వారంలో ఒక సాయంత్రం ముందే రాసిపెట్టారు. ఆరు దాటాక ఆ మనిషికి ఫోన్ లేదు, మెయిల్ లేదు. మొదట్లో కన్సల్టెంట్లే భయపడ్డారు. కానీ ఒకరి పని ఇంకొకరికి ముందుగా చెప్పుకోవాల్సి రావడంతో మాటలు పెరిగాయి, పని మెరుగైంది. బొగ్గుబాయికి ఎప్పటినుంచో తెలిసిన రిలీవర్ పద్ధతికి ఇది చాలా దగ్గర.

అపోహ: "మొగోళ్లయితే ఎంత పనైనా చేస్తరు."

వాస్తవం: 2015లో వచ్చిన ఎరిన్ రీడ్ పరిశోధన చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో కొందరు మగవాళ్లు ఊళ్లోని క్లయింట్లనే చూసుకుని, చెప్పకుండా పని తగ్గించుకున్నారు. వాళ్లకు కష్టపడేవాళ్లన్న పేరు చెక్కుచెదరలేదు. పని తగ్గించమని నోరు తెరిచి అడిగినవాళ్లు వెనకబడ్డారు. అలా అడిగింది ఎక్కువగా ఆడవాళ్లే.

అపోహ: "ఆడోళ్లకు గంత కష్టపు పని అలవాటెక్కడిది?"

వాస్తవం: మన దేశపు భూగర్భ బొగ్గు గనుల్లో ఒకప్పుడు ఆడవాళ్లు పనిచేశారు. 1937లో పూర్తిగా ఆపారు. రెండో ప్రపంచ యుద్ధంలో బొగ్గు అవసరపడి 1943లో మళ్లీ దింపారు, 1946లో మళ్లీ పైకి పంపేశారు. సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ పనులకు భూగర్భంలోకి తిరిగి అనుమతి వచ్చింది 2019లో. 2021లో జార్ఖండ్‌లోని చూరి గనిలో మైనింగ్ ఇంజినీర్ ఆకాంక్ష కుమారి చేరారు. చేతకాక ఆగిన కథ కాదిది, తలుపు ఎవరు ఎప్పుడు తీశారన్న కథ.

అపోహ: "ఇల్లు, ఉద్యోగం రెండూ నెట్టుకురావడం ఆమె నేర్పును బట్టే ఉంటది."

వాస్తవం: 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెట్టారు. ఆ తేడా నేర్పుతో పూడదు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం చట్టంలోకి వచ్చాయి. ఇంట్లో మాత్రం ఎవరూ చట్టం చేయరు.

పోయిన బతుకమ్మకు మా చెల్లె వచ్చింది. ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని క్లయింట్‌తో మాట్లాడుతోంది. అమ్మ వంటింట్లో మిక్సీ స్విచ్ మీద చెయ్యి పెట్టింది. రిటైరైన బాపు గుమ్మంలో నిలబడి మెల్లగా అన్నాడు: "జర ఆగు. బిడ్డ డ్యూటీల ఉన్నది."